అంబరీష్ వకాలతు

మా అంబరీష్‌కు ఒక జబ్బు. ఎవరి మీద ఎవరు నేరం మోపినా, అడగకుండానే నిందపడ్డవాళ్ల తరఫున వాదనకు దిగుతాడు. నిందపడ్డది మనిషే కానక్కర్లేదు.

రాయల్పాడు వాడు. లా పాసై, నిందితుల తరఫున వాదించే లాయరు కావాలని శ్రీనివాసపురంలో గుండూరావుగారి దగ్గర నాతోపాటు జూనియర్‌గా చేరాడు. కోర్టులో వాయిదా అడగడానికి తప్ప నోరు విప్పే అవకాశం రాలేదు. ఆ కరువంతా బయట తీర్చుకునేవాడు.

ఓసారి వాళ్ల నాన్న మామిడితోటలో కాయలు కొరికి పారేశాయని కోతుల్ని తిడుతున్నాడు.

"నాయనా, అవి కొరికింది నువ్వు చూసినావా?"

"చూసేదేందిరా! చెట్టు మీదే ఉండాయి కదా!"

"చెట్టు మీద ఉండేది నేరమా? ఉడత కొరికిందేమో!"

అంతలో ఓ కోతి దిగివచ్చి అంబరీష్ టిఫిన్ డబ్బానే ఎత్తుకుపోయింది.

"ఇప్పుడు చూసినావు కదా?" అన్నాడు నాన్న.

"చూసినా. అది ఆకలి నాయనా, దొంగబుద్ధి కాదు."

తన పెళ్లిచూపుల్లో "పిల్లకు కోపం జాస్తి అంటారప్పా" అని మధ్యవర్తి చెవిలో ఊదితే, "ఎవరంటారు? సాక్షిని పిలవండి" అని అరగంట వాదించాడు. చివరికి పిల్లే బయటికొచ్చి, "నాకు కోపం నిజమే. ఇంగ ఆపకపోతే చూపిస్తా" అంది. సంబంధం అంతటితో సరి.

ఒకరోజు గుండూరావుగారి వాచీ కనిపించలేదు. రోజూ ఆఫీసు ఊడ్చే అక్కయమ్మను పిలిచారు. "టేబుల్ మీద పెట్టాను. పొద్దున నువ్వు తప్ప ఈ గదిలోకి ఎవరొచ్చారు?"

"నేను ముట్టలేదు సామీ," అంది ఆమె. చీపురు గోడకానించి వెళ్లిపోయింది.

అంబరీష్ లేచాడు. "సార్, పెట్టింది గుర్తుండాదా? రోజూ పెడతారని ఈరోజూ పెట్టినాననుకుంటా ఉండారా?"

గుండూరావుగారి ముఖం ఎర్రబడింది. "ఇంకొక్క మాటంటే వేరే సీనియర్‌ని చూసుకో!"

అంబరీష్ కూర్చున్నాడు. కోతుల తరఫున పుచ్చుకున్న వకాలతు అక్కయమ్మకు లేదా అని నాకు ఒళ్లు మండింది.

మూడోరోజు పొద్దున్నే ఆఫీసుకు వెళ్తే తలుపు తెరిచి ఉంది. నల్లకోటు మేకుకు తగిలించి, ప్యాంటు పైకి మడిచి, అంబరీష్ ఊడుస్తున్నాడు.

"ఇదేందప్పా?"

"మెల్లగా వత్సలా! ఆఫీసు మురికైతే సార్ ఇంగొకరిని పెట్టుకుంటారు. ఆమె తిరిగొచ్చేసరికి పని ఉండాల కదా."

"వస్తుందని నమ్మకమేంది?"

"ఆమె తీయలేదు కదా!"

నేను గుడ్డ తీసుకుని టేబుళ్లు తుడిచాను.

ఆ సాయంత్రమే ఇస్త్రీ అంగడివాడు గుండూరావుగారి కోర్టు కోటు తెచ్చాడు. "జేబులో ఉండె సార్" అని వాచీ చేతిలో పెట్టాడు. ఆయన అంబరీష్ బండి వెనక ఎక్కి నేరుగా అక్కయమ్మ ఇంటికి వెళ్లారు. "తప్పు నాదమ్మా. రేపు రా," అని వాకిట్లో చేతులు జోడించారు.

"మతిమరుపు ఎవరికైనా సహజమే అక్కయమ్మా. సార్‌కు వయసు..." అని అంబరీష్ అందుకున్నాడు.

"నా తరఫున వాదించకురా!" అని కసిరారు గుండూరావుగారు. అక్కయమ్మ నవ్వేసిందట.

మర్నాడు వచ్చీ రాగానే ఆమె వంగి బెంచీల కిందికి చూసింది. "దుమ్మంతా యాడిది ఆడే ఉండాది! ఇన్ని దినాలు ఊడ్చిందెవరు?"

అంబరీష్ నా వైపు చూశాడు. నేను కళ్లారా చూసిన సాక్షిని.

"నేనే అక్కయమ్మా," అని తలవంచి ఒప్పేసుకున్నాడు.