సరేపిల్ల కుస్తీ

మా అమ్మమ్మ ఆశ్చర్యపోవడం ఎవరూ చూసి ఎరగరు. తాతయ్య పోయినప్పుడు కూడా "వెళ్లేటప్పుడైనా చెప్పి వెళ్లాడు కాదు, మహానుభావుడు" అని ఏడుస్తూనే విసుక్కుందట. అలాంటి మనిషి ఒకే ఏడాదిలో అన్నిసార్లు నోరు తెరిచి నిలబడిపోయిందంటే దానికి కారణం మా పిన్ని కూతురు సరేపిల్ల.

అమ్మమ్మ పరుపులు కుడుతుంది. షాపు అనడం గొప్పకే గానీ అది వీధిలోకి తెరుచుకునే ముందుగది. లోపల మనిషి కన్నా దూది ఎక్కువ. ఎంత ఉక్కపోసినా అక్కడ ఫ్యాను వేయకూడదు, వేస్తే ఎవరు ఎక్కడున్నారో కనిపించదు. వచ్చినవాళ్లు ముందు తుమ్మి తర్వాత బేరం మొదలుపెడతారు. అమ్మమ్మ కనుబొమల్లో ఏది నెరిసిన వెంట్రుకో, ఏది దూదిపోగో అమ్మమ్మకే తెలియదు.

పరుపు కుట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. దూది కూరగానే అది ప్రాణమున్నదానిలా పొంగుతుంది. ఒకరు మోకాలితోనూ ముంజేతులతోనూ అదిమి పట్టాలి, ఇంకొకరు దబ్బనం దించాలి. మూలలు మరీ మొండిఘటాలు. ఒకటి నొక్కితే రెండోది లేస్తుంది. తాతయ్య ఉన్నన్నాళ్లూ అదిమే పని ఆయనది. ఆయన తర్వాత సరేపిల్లది. పిన్ని బిస్కెట్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తుంది కాబట్టి పిల్ల అమ్మమ్మ దగ్గరే, దూదిలోనే పెరిగింది.

ఇందులో ఒక రహస్యం ఉంది. అమ్మమ్మ కుడిచేతి బొటనవేలు కొంతకాలంగా వంగడం మానేసింది. దబ్బనం దించగలదు గానీ అవతలికి లాగలేదు. ఆ సంగతి ఆవిడ కూతురికి కూడా చెప్పలేదు. సరేపిల్ల అడక్కుండానే లాగేది, అమ్మమ్మ చెప్పకుండానే ఊరుకునేది.

సరేపిల్ల అన్న పేరు వీధిలోవాళ్లు పెట్టిందే. బడిలో ఎవరి సంచి మోయమన్నా సరే. హోంవర్కు రాసిపెట్టమంటే సరే. ఒకే సాయంత్రం ఇద్దరు అడిగితే ఇద్దరికీ సరే. పరుపుగుడ్డ తెమ్మని పంపిస్తే కొట్టువాడు చిరుగున్న ముక్క అంటగట్టినా సరే. నడిచేటప్పుడు మెడ భుజాల్లోకి దించుకుని, ఎవరికీ అడ్డు రాకుండా గోడవారగా వెళ్లేది. కుర్చీ కాలు తగిలి బోర్లాపడితే లేచి కుర్చీకే సారీ చెప్పింది. ఇది అబద్ధం కాదు, కుర్చీ ఇప్పటికీ ఉంది.

కుస్తీలోకి కూడా ఆ పిల్ల సరే అనే వెళ్లింది.

రెండు వీధుల అవతల ఒక వ్యాయామశాల ఉంది. అక్కడ ఆడపిల్లలకి కుస్తీ నేర్పే ఒకావిడ మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది, అందుకని అందరికీ ఈల టీచరు. మ్యాట్ మీది తొడుగు నిలువునా చిరిగిందని, దబ్బనం ఉన్నవాళ్లే దాన్ని కుట్టగలరని ఆవిడ అమ్మమ్మని పిలిపించింది. అమ్మమ్మ కుడుతుంటే సరేపిల్ల తొడుగు అంచు మీద మోకాలు వేసి అదిమి పట్టింది. అక్కడున్న అమ్మాయిలు ఇద్దరు సరదాకి అవతలి కొస పట్టుకుని లాగారు. తొడుగు రాలేదు. ఇంకో ఇద్దరు వచ్చి చేయి వేశారు. సరేపిల్ల తల ఎత్తి "సారీ" అంది గానీ కదల్లేదు.

ఈల టీచరు ఈ తమాషా అంతా చూసింది.

"రేపు సాయంత్రం వస్తావా, కుస్తీ నేర్పుతాను?"

"సరే."

అమ్మమ్మ తల తిప్పేలోపే అయిపోయింది. దారిలో "ఏమే, కుస్తీ అంటే ఏంటో తెలుసా నీకు?" అని అడిగితే "తెలీదు అమ్మమ్మా" అంది. "మరెందుకు ఒప్పుకున్నావు?" అంటే "అడిగారు కదా" అంది.

రెండు రోజుల్లో అదే మానేస్తుందిలే అనుకుంది అమ్మమ్మ. మర్నాడు పిల్ల గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మమ్మ చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. మోచేతులు దోక్కుపోయాయి. ఒక చెవి దానిమ్మగింజలా ఎర్రబడింది.

"ఎవరు కొట్టారే నిన్ను?"

"ఎవరూ కొట్టలేదు. నేనే పడ్డాను. పొద్దుగూకేదాకా పడుతూనే ఉన్నాను."

"పడ్డానికా వెళ్లింది?"

"మొదట అదే నేర్పుతారంట, దెబ్బ తగలకుండా ఎలా పడాలో."

"దానికి టీచరెందుకే! నడక వచ్చినప్పట్నుంచీ పడుతూనే ఉన్నావు కదా, ఊరికే!"

పిల్ల నవ్వింది. అమ్మమ్మకి అది వింతగా తోచింది. చెవి అంత ఎర్రగా ఉంటే నవ్వేవాళ్లుంటారా?

చాన్నాళ్లపాటు సరేపిల్ల ఎవరినైనా పడేయగానే "అయ్యో, సారీ" అని చేయందించేదట. అవతలి పిల్ల ఆ చేయే పట్టుకుని దీన్ని పడేసేది. ఈల టీచరు అరిచి అరిచి, చివరికి ఈల తీసి పిల్ల నోట్లో పెట్టి, "సారీ అనాలనిపిస్తే ఇది ఊదు" అందట. ఆ వ్యాయామశాల ఈలలతో మారుమోగిపోయింది. తర్వాత్తర్వాత ఈల తగ్గింది. ఒకరోజు అసలు వినబడలేదు.

అమ్మమ్మ ఇవేవీ చూడలేదు. ఆవిడ చూసింది వేరే. గోడవారగా నడిచే పిల్ల వీధి మధ్య నుంచి వస్తోంది. దించుకున్న మెడ పైకి లేచింది, ఇంత పొడుగు మెడ దీనికి ఎప్పట్నుంచి ఉందబ్బా అనిపించేలా. తిండి మాట చెప్పనే అక్కర్లేదు, ఇంటికి వస్తూనే గిన్నెల మూతలు తీసి చూసేది.

ఒకసారి ఇద్దరూ కలిసి బట్టల కొట్టుకి వెళ్లారు. కొట్టువాడు అలవాటుగా చిరుగున్న ముక్క మడతపెట్టి ఇచ్చాడు. సరేపిల్ల ఆ ముక్కని విప్పి, చిరుగు పైకి కనబడేలా బల్ల మీద పరిచి, అలా నిలబడింది. ఒక్క మాట అనలేదు. వెనక జనం పోగయ్యారు. "పక్కకి జరుగమ్మా" అన్నాడు కొట్టువాడు. జరగలేదు. "ఏంటమ్మా నీ గోల?" అన్నాడు. గోల ఏమీ లేదు, పిల్ల ఊపిరి తప్ప ఏమీ వినబడటం లేదు. చివరికి వాడే గొణుక్కుంటూ మంచి థాను దింపి కోశాడు.

బయటికి వచ్చాక అమ్మమ్మ పిల్ల నుదుటి మీద చేయి పెట్టి చూసింది, జ్వరమేమైనా ఉందేమోనని.

అంతవరకూ బాగానే ఉంది. ఈల టీచరు ఒక సాయంత్రం షాపుకి వచ్చి, తుమ్మి, అసలు విషయం చెప్పింది. "పెద్దమ్మా, వచ్చే వారం ఎంపిక పోటీలున్నాయి. మీ పిల్ల గెలిస్తే వేరే ఊళ్లో క్రీడా హాస్టల్లో సీటొస్తుంది. చదువు, తిండి, శిక్షణ, అన్నీ వాళ్లే చూసుకుంటారు."

"వేరే ఊళ్లోనా?" అంది అమ్మమ్మ. టీచరు వెళ్లాక దబ్బనం దించి, అలవాటుగా ఎదురుచూసింది. సరేపిల్ల లాగింది. అమ్మమ్మ ఆ చేతి వంక చాలాసేపు చూసింది.

"ఇదిగో, విను. ఈ పోటీ ఒక్కటీ ఆడు. ఆ తర్వాత ఈ పడటాలూ లేవడాలూ చాలు. షాపు చూసుకో. సరేనా?"

"సరే అమ్మమ్మా."

హాస్టల్‌కి వెళ్తావా అంటే పిల్ల టీచరుకి కూడా అంతకుముందే సరే అందని అమ్మమ్మకి తెలియదు. తెలిసినా ఏం చేసేది? ఆవిడ లెక్క ఆవిడకుంది. పిల్ల ఓడిపోతే ఇక ఏ పేచీ ఉండదు. అందుకని పోటీ రోజు పైకి "జాగ్రత్తగా ఆడు" అన్నా, లోపల మాత్రం "ఓడిపోయి రావే తల్లీ" అని గట్టిగా అనుకుంటూ వెళ్లి ముందు వరసలో కూర్చుంది.

సరేపిల్ల కుస్తీ బట్టలతో బయటికి రాగానే అమ్మమ్మకి గుండె ఆగినంత పనైంది.

"బట్టలేవే?"

"ఇవే అమ్మమ్మా."

"ఇవి లోపలివా, పైవా?"

"రెండూ ఇవే."

అమ్మమ్మ తన శాలువా తీసి కప్పబోయింది. ఈల టీచరు చేయి పట్టుకుని ఆపింది. అంతలో అవతలి పిల్ల వచ్చింది. బరువు ఇద్దరిదీ ఒకటేనని కాగితం మీద ఉందట. కానీ ఆ పిల్ల భుజాలు చూస్తే తలుపులు తెరిచిన బీరువాలా ఉంది. అమ్మమ్మ మనసు ఒక్కసారి కుదుటపడింది. ఇంకేముంది, ఇది ఓడిపోయినట్టే.

మొదలవగానే బీరువా మన పిల్లని ఎత్తి అవతల పడేసింది. ధన్‌మని చప్పుడైంది. అమ్మమ్మ సంతోషించాలి కదా! చూస్తే బల్ల ఎక్కి నిలబడి ఉంది. ఎప్పుడు ఎక్కిందో ఆవిడకే తెలియదు. పక్కన కూర్చున్న బీరువా నాన్న నవ్వుతూ "ఈ బక్కది ఎంతసేపులే" అన్నాడు ఎవరితోనో.

"ఎవర్రా బక్కది?" అంది అమ్మమ్మ. ముక్కూ మొహం తెలియని పెద్దమనిషిని రా అంది. అన్నందుకు తనే ఉలిక్కిపడింది.

మ్యాట్ మీద సరేపిల్ల లేచింది. మళ్లీ పడింది, మళ్లీ లేచింది. పడ్డప్పుడల్లా ఒక పక్కకి దొర్లి, ఏమీ కానట్టు లేస్తోంది. అవతలి పిల్లకి ఆయాసం వచ్చింది. ఇంతలో ఏం జరిగిందో, సరేపిల్ల వంగి ఆ పిల్ల కాలు దొరకబుచ్చుకుంది, ఇద్దరూ కిందపడ్డారు, బీరువా కింద, మన పిల్ల పైన. రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనిస్తే గెలిచినట్టే. ఒక భుజం ఆనింది. దాన్ని నొక్కుతుంటే రెండోది లేస్తోంది.

అమ్మమ్మకి ఇక అది కుస్తీలా కనబడలేదు. ఆవిడ జీవితమంతా చూసిన దృశ్యమే అది.

"మూల లేస్తోందే! మోకాలు! మోకాలు వెయ్యి! ముంజెయ్యి అడ్డంగా పెట్టవే మొద్దూ! అలా కాదు, కొలత తప్పుతుంది! రెండో మూల, రెండో మూల!"

హాలు హాలంతా ఇటు తిరిగింది. ఈల టీచరు కూడా నోరెళ్లబెట్టి చూసింది. సరేపిల్ల విన్నదో లేదో గానీ ముంజేయి అడ్డంగా పడింది, రెండో భుజం మెల్లమెల్లగా దిగింది. రిఫరీ మ్యాట్ మీద చేత్తో చరిచాడు.

చప్పట్లు మోగుతుంటే అమ్మమ్మ బల్ల దిగింది. దిగాక అర్థమైంది తనేం చేసిందో. తన షాపుకి తనే చివరి కుట్టు వేసుకుంది. మ్యాట్ మీద సరేపిల్ల అవతలి పిల్లకి చేయందించి లేపింది. సారీ మాత్రం అనలేదు.

బయట మెట్ల దగ్గర అమ్మమ్మ గొంతు సవరించుకుంది.

"గెలిచావు, బాగుంది. పద ఇంక. మాట ఇచ్చావు."

"ఇచ్చాను అమ్మమ్మా. అప్పుడు సరే అనకుండా ఉండాల్సింది. నేను రాను. హాస్టల్‌కి వెళ్తాను."

అమ్మమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఈ మాట అన్నది ఇంకెవరైనా ఏమోనని. ఎవరూ లేరు. పుట్టినప్పట్నుంచీ ఆ నోట వినని మాట అది. గుండె మీద చేయి వేసుకుని చూసింది. పిల్ల కదల్లేదు. మోకాళ్లు నొప్పులంది. కదల్లేదు. "మీ తాతయ్యే ఉంటే" అంది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కాలు కదల్లేదు. చివరికి చిన్నప్పట్నుంచీ లాక్కెళ్లినట్టే మణికట్టు పట్టుకుని లాగింది. గుంజని లాగినట్టుంది. ఇంకోసారి లాగితే తనే ముందుకి తూలింది.

"ఎవరే నువ్వు?" అంది అమ్మమ్మ నిజంగానే.

"నీ మనవరాలినే."

"మరి ఇన్నాళ్లూ మా ఇంట్లో ఉన్నదెవరే?"

అమ్మమ్మ మెట్టు మీద కూలబడి, కుడిచేయి ఒళ్లో పెట్టుకుని, ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"నా దబ్బనం ఎవరు లాగుతారే? నా వేలు వంగదు."

"తెలుసు అమ్మమ్మా."

"తెలుసా!"

"ఎప్పట్నుంచో తెలుసు. ఎవరు లాగుతారో మాత్రం నాకూ తెలీదు."

ఆ మాటకి అమ్మమ్మ బిత్తరపోయింది. ఆదివారాలు వస్తాననో, సెలవుల్లో చేసిపెడతాననో ఏదో ఒకటి అంటుందనుకుంది. పాత పిల్లయితే అనేది, అన్నీ చేస్తానని ఒప్పుకుని ఎక్కడికీ వెళ్లకుండా ఉండిపోయేది. ఇది పక్కన కూర్చుని ఆ వంగని వేలిని తన అరచేతిలో పెట్టుకుంది, అంతే. వీధిలో జనం వస్తున్నారు, పోతున్నారు. చివరికి అమ్మమ్మ అడిగింది, "ఎప్పుడు వెళ్లాలంట?"

ఇప్పుడు అమ్మమ్మ పరుపులు కుట్టడం లేదు, దిండ్లు కుడుతోంది. దిండుకి చిన్న సూది చాలు, అదిమిపట్టే మనిషి అక్కర్లేదు. పరుపుకి వచ్చినంత డబ్బు దానికి రాదు. ఆ కోపం అమ్మమ్మకి ఇంకా ఉంది, దాచుకోదు కూడా. పిల్ల సెలవులకి ఇంటికొచ్చిన ప్రతిసారీ ముందు తిట్టిపోస్తుంది. తిట్లు అయ్యాక టేపు తీసి, గోడకి నిలబెట్టి, ఈ భుజం నుంచి ఆ భుజానికి కొలుస్తుంది. పోయినసారి కన్నా పెరిగిన అంకె చూసి, టేపు దులిపి, మళ్లీ కొలుస్తుంది. మళ్లీ అదే వస్తుంది.

"ఈ టేపు కురచైపోయిందే" అంటుంది నోరు తెరిచి.