కుడిచేతిలో తాళంచెవి

ఆదివారం ఉదయం ఆరూ నలభైకి ఇడ్లీల కింద మంట తగ్గించాను. ఆ వేళకు నగర శివారు క్రెయిగీబర్న్‌లో మా వీధి మలుపు దగ్గర కెంజి గారి మోటార్‌సైకిల్ చప్పుడు వినిపించాలి. వినిపించలేదు. ఇడ్లీలు చల్లారాక ఆయన కూతురు ఫోన్ చేసింది. రాత్రి నిద్రలోనే పోయారట. తీసి పెట్టుకున్న నా హెల్మెట్‌ని మళ్లీ మేకుకి తగిలించాను.

కెంజి గారు నాకూ, యూనివర్సిటీలో నాతో చదివిన శ్రీకాంత్‌కూ జపాన్ కత్తిసాము నేర్పారు. డెబ్బై దాటినా కర్రకత్తి వీపుకి కట్టుకుని, ఊరి బయటి మైదానం దాకా మాకంటే ముందు బండి నడిపేవారు. మేము పిలిచే 'గారు' తన తెలుగు పేరనుకుని, కొత్తవాళ్లతో "నేను కెంజి గారు" అనేవారు. అసలు అర్థం తెలిసిన రోజున ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తన పేరుకు తానే గౌరవం తగిలించుకోవడం జపాన్‌వాళ్లలో తప్పట. ఆయన మా దగ్గర నేర్చిన తెలుగు మాట ఒక్కటే: పట్టుకో. కత్తి పిడి జారినప్పుడల్లా అనేవారు.

బండి ఎక్కేముందు, కత్తికి వంగినట్టే దానికీ వంగేవారు.

"మనం నిమ్మకాయలు తొక్కిస్తాం, ఈయన దండం పెడతాడు. ఎవరి పిచ్చి వాళ్లది మామా," అనేవాడు శ్రీకాంత్.

పూర్వం సమురాయ్ ఇంకొకరి ఇంటికి వెళితే కత్తిని ఒరతో సహా కుడిచేత్తో పట్టుకునేవాడట. దూసేది ఆ చెయ్యే కాబట్టి, దూయనని మాటిచ్చినట్టు. కోపమొస్తే బండి ఆపి తాళంచెవి కుడిచేతిలో పెట్టుకోమని కెంజి గారు మాకు చెప్పేవారు. యాక్సిలరేటర్ తిప్పేదీ ఆ చెయ్యే కదా. మేము నవ్వుకునేవాళ్లం.

ఒకసారి తిరిగి వస్తుంటే యూట్ అనే చిన్న ట్రక్కు ఒకటి శ్రీకాంత్‌ని రోడ్డు అంచుకి నెట్టేసి, ముందున్న పెట్రోల్ బంకులో ఆగింది. వాడు వెనకే దూసుకెళ్లి కర్రకత్తి తీశాడు. డ్రైవర్ ఇనపరాడ్‌తో దిగాడు. శ్రీకాంత్ శాశ్వత నివాసం కోసం పెట్టుకున్న పీఆర్ దరఖాస్తు ఇంకా తేలలేదు. పోలీసు కేసు పడితే ఈ దేశంలో వాడికి చోటుండదు.

"వదలండి గారూ, ఇవాళ వీడి సంగతి తేలుస్తా," అన్నాడు శ్రీకాంత్, భుజం పట్టుకుని ఆపిన కెంజి గారితో, తెలుగులోనే.

కెంజి గారు వాడి బండి తాళంచెవి లాగి, వాడి కుడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూశారు.

"పట్టుకో."

తర్వాత వీపు మీది తన కర్రకత్తిని తీసి కుడిచేత్తో పట్టుకుని, ఇద్దరి మధ్యా నిలబడి, డ్రైవర్‌కి తల వంచారు. రాడ్ లేచింది. ఆయన కదలలేదు. కదలని మనిషిని కొట్టడం కష్టం కాబోలు, అతను గొణుక్కుంటూ ట్రక్కెక్కి వెళ్లిపోయాడు. ఒక మనిషి అలా నిలబడగా నేను మళ్లీ చూడలేదు.

శ్రీకాంత్‌కి ఆ తర్వాత పీఆర్ వచ్చింది. మొన్న కెంజి గారు పోయాక ఆయన బండి తాళంచెవిని కూతురు వాడికే ఇచ్చింది. అంత్యక్రియలు పూర్తయ్యేదాకా వాడు దాన్ని కుడిచేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. అలాంటి గురువు మాకు మళ్లీ దొరకరు.

ఆదివారాలు మేము బండ్లు బయటికి తీయడం లేదు.