రాజావారి స్వాగతానికి సన్నాయి

మొన్న మా తెలుగు సంఘం గ్రూపులో ఎవరో పాత ఫొటో ఒకటి పెట్టారు. గజమాలతో రాజావారు నడుమ, మా బావగారు ఒక పక్క, హారతి పళ్ళెంతో నేను ఇంకో పక్క. కింద ‘అన్ని మతాలవాళ్ళం ఒక్కటై పలికిన స్వాగతం’ అని రాత. చారుకు పోపు వేస్తూ చూశాను. పోపు మాడింది. అన్ని మతాలట, సిగ్గులేకపోతే సరి.

రాజావారంటే నిజంగా ఏలే రాజు కాదు. రాజ్యం పోయి మూడు తరాలైంది, కోటలో సగం ఇప్పుడు కల్యాణ మండపం. అయినా కరోనా ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన చలికాలంలో ఆయన ఇటు అబుదాబికి వస్తున్నారని తెలిసేసరికి, ఆఫీసుల్లో ముదీర్లను, అంటే మేనేజర్లను కూడా, పేరుపెట్టి పిలిచే మావాళ్ళంతా ఒక్కసారిగా ప్రజలైపోయారు. సంఘానికి అధ్యక్షులు మావారి అన్నగారు, అంటే మా బావగారే. పూర్ణకుంభం, తలపాగాలు, పల్లకీ కూడా అనుకున్నారు. పల్లకీ హాలు తలుపులో పట్టదని తేలాక దాన్ని వదిలేశారు గానీ, సన్నాయి మాత్రం ఉండితీరాలన్నారు. వాయించే మనిషిని చూపించింది నేనే.

అతను మా ఇంటికి ఏసీ బాగుచేయడానికి వచ్చేవాడు. మేముండే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ పక్కనే, ముసఫా కార్మికవాడలో ఆరుగురితో ఒకే గదిలో ఉండేవాడు. రాయలసీమ ముస్లిం, నన్ను అక్కా అనేవాడు. ఒకరోజు టీవీలో సన్నాయి వస్తుంటే స్టూలు మీద నిలబడి స్క్రూడ్రైవర్ మీద వేళ్ళు ఆడిస్తున్నాడు. ఏమిటయ్యా అంటే చెప్పాడు. రాజావారి కోటలోని గుడిలో తరతరాలుగా మేలుకొలుపు వాయించింది వాళ్ళ ఇంటివాళ్ళేనట. తాత, ఆ తర్వాత నాన్న. ఆ నాన్న పక్షవాతంతో మంచాన పడి మూడేళ్ళు. ఇతను సన్నాయిని పాత పంచెలో చుట్టి ఇక్కడికి తెచ్చుకుని, గదిలోవాళ్ళు విసుక్కుంటారని సెలవురోజుల్లో కంపెనీ వ్యాను అద్దాలు ఎక్కించి అందులో కూర్చుని సాధన చేసేవాడు. రాజావారి ముందు వాయిస్తావా అని అడిగితే స్టూలు దిగి నా ఎదురుగా నిలబడ్డాడు.

“నాయన ఫోన్లో చూస్తాడక్కా. నా కొడుకు రాజావారి ముందర వాయించినాడని చెప్పుకుంటే సాలు ఆయనకు” అన్నాడు. గదిలో ఒక పెద్దాయన ఇదంతా హరామని అడ్డం పడితే, ఆయన్ని ఒప్పించుకోవడానికే అతనికి నెల పట్టింది.

పోస్టరు మీద అతని పేరు పడ్డ రోజున గ్రూపు భగ్గుమంది. ‘పూర్ణకుంభం ముందు వీళ్ళేమిటండీ’ అని మొదలుపెట్టింది మా వీధిలోని బ్యాంకు ఉద్యోగి. ప్రతి ఈద్‌కూ బిర్యానీ అడిగి మరీ తెప్పించుకునే మహానుభావుడు. ఆయన వెనక పదిమంది దండాల బొమ్మలు పెట్టారు. బావగారు మధ్యేమార్గం కనిపెట్టారు.

“బొట్టు పెట్టుకోమను, మనం పేరు చదవం. ఎవరికీ ఇబ్బంది ఉండదు. నువ్వే చెప్పమ్మా, నీ మాటైతే వింటాడు.”

కాదనలేకపోయాను. కాదు, కాదనలేదు. ఫోన్ చేసి, గొంతులో తేనె పోసుకుని మరీ చెప్పాను. అతను ఒప్పుకోలేదు.

“బొట్టుదేముందక్కా, మా తాత, నాయన పెట్టుకునే వాయించినారు. స్వామి ముందర అది మాకు అలవాటే. పేరు దాచుకొని వాయిస్తే మా నాయన మొగం ఎట్ల చూసేది? ఖలాస్ అక్కా, వదిలెయ్.”

బావగారి కోడలు ఇంటర్నెట్‌లో రాజావారి కోట పేరు కొట్టి, ఎప్పటిదో ఉత్సవంలో తీసిన సన్నాయి రికార్డు ఒకటి దింపింది. స్పీకర్లలో అది మోగుతుంటే రాజావారు లోపలికి వచ్చారు. వస్తూనే ఆగిపోయి, కళ్ళు మూసుకున్నారు.

“అచ్చం మా కోట సన్నాయే. ఎవరండీ వాయించింది?”

“ఇంటర్నెట్‌లోదండి” అన్నారు బావగారు. రాజావారు తల ఊపి ఫొటోలకు నిలబడ్డారు.

హారతయ్యాక, పళ్ళెంలో ఇంకా పొగ వస్తోందని బయట పెట్టడానికి పక్క తలుపు తీశాను. మెట్ల మీద అతను, ఇస్త్రీ చొక్కాతో. సెలవు ముందే పెట్టుకున్నాడు గనక, రాజావారిని దూరం నుంచైనా చూసిపోదామని వచ్చాడట. జాబితాలో పేరు లేదని కాపలావాళ్ళు ఆపేశారు. చేతిలో ఫోను, అందులో మంచం మీద వాళ్ళ నాన్న. నేను తలుపు తీయగానే ఫోను లోపలికి చాపి పట్టుకున్నాడు.

“విను నాయనా. లోపల నువ్వే వాయిస్తాండావు.”

స్పీకర్లలో ఇంకా మోగుతున్న ఆ పాత రికార్డు ఆయనదేనని నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఫోన్లో ముసలాయన పనిచేసే చెయ్యి ఒక్కటీ దుప్పటి మీద తాళం వేస్తోంది. రాజావారు నాకు పది అడుగుల దూరంలో ఉన్నారు. వెళ్ళి ఒక్క మాట చెబితే చాలు. అతను నా ముఖంలోకి చూశాడు.

“తలుపు వెయ్యమ్మా, ఏసీ చల్లదనమంతా పోతోంది” అని లోపలి నుంచి బావగారు.

వేసేశాను. ఏళ్ళు గడిస్తే ఇలాంటివి పలచబడతాయని ఎవరన్నారో గానీ, నా మీద నాకు పుట్టిన ఆ రోత మాత్రం ఏడాదికేడాదీ చిక్కబడుతూనే ఉంది.