మా మేడమ్ మరిచిపోయిన అంకెలు

మా లెక్కల మేడమ్ ఇక లేరని మొన్న ఉదయం ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. ఉక్కునగరంలో డ్యూటీకి బయలుదేరబోతున్నదాన్ని, అలాగే గుమ్మంలో కూర్చుండిపోయాను. ఏడుపు కంటే ముందు సిగ్గేసింది. ఐదు నెలలు ఆవిడ పక్కన కూర్చుని కూడా ఏమీ చేయలేకపోయాను.

పాలిటెక్నిక్‌లో చేరేనాటికి నాకు భిన్నాలు రావు. పదో తరగతి ఎలా గట్టెక్కానో నాకే తెలీదు. మాలాంటివాళ్లకు ఆవిడ కాలేజీ మొదలవకముందే, పొద్దున్న ఎనిమిదింటికి, విడిగా క్లాసు పెట్టేవారు. మొదటిరోజు పాఠం చెప్పలేదు. లెక్కలు ఏ తరగతిలో అర్థం కావడం మానేశాయో చీటీ మీద రాయమన్నారు, పేర్లు వద్దన్నారు. నేను ‘నాలుగు’ అని రాసి, చీటీని వీలైనంత చిన్నగా మడిచాను. మర్నాడు ఆవిడ భాగహారం నుంచి మొదలుపెట్టారు. ఒక్కరూ నవ్వలేదు.

తప్పు మీద ఎర్రగీత పెట్టేవారు కాదు. పక్కన కూర్చుని, అలా ఎందుకు చేశావో చెప్పమనేవారు.

“తప్పులో కూడా ఏదో ఆలోసన ఉంటాదమ్మా. అదేటో నాకు సెప్పు.”

చెబుతూ ఉండగానే నా పొరపాటు నాకే కనిపించేది.

అందరూ నిలబడలేదు. కంచరపాలెం నుంచి వచ్చే ఒకమ్మాయి రెండోసారి ఫెయిలై మానేసింది. మేడమ్ మూడుసార్లు వాళ్లింటికి వెళ్లి, మూడుసార్లూ ఒక్కరే తిరిగొచ్చారు.

రిటైరైన కొన్నాళ్లకు ఆవిడకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, చెయ్యి కొంత కుదుటపడింది. అంకెలు మాత్రం రాలేదు. వీక్లీ ఆఫ్ రోజున సీతమ్మధారలో వాళ్లింటికి నోటుపుస్తకం, గుప్పెడు చింతపిక్కలు పట్టుకుని వెళ్లేదాన్ని. మూడు పిక్కలు పెడితే మూడనేవారు. పక్కన మూడంకె వేస్తే అలా చూస్తూ ఉండిపోయేవారు. ఏమనుకుంటున్నారో చెప్పండి మేడమ్ అని ఆవిడ పద్ధతిలోనే అడిగేదాన్ని. ఒకరోజు నా గొంతు కాస్త గట్టిగా లేచింది. ఆవిడ పుస్తకం మెల్లగా నా వైపు జరిపారు.

“నీ తప్పేటీ లేదమ్మా. నాకియ్యన్నీ ఉత్త గీతల్లాగ కనబడతన్నాయి.”

ఆ తర్వాత పుస్తకం తీసుకెళ్లలేదు. ఏం తీసుకెళ్లాలో తెలియలేదు.

చివరిసారి వెళ్లినప్పుడు బత్తాయి ఒలిచి పెట్టాను. ఒక తొన నోట్లో వేసుకున్నారు. రెండోది తీసి నా అరచేతిలో పెట్టారు. రసం ఆవిడ మణికట్టు మీదుగా కారుతోంది. తుడుచుకోకుండా, నేను తినేదాకా నా మొహంలోకే చూస్తూ కూర్చున్నారు.