శనివారం చేతులు మారే తాళంచెవి

"నేనటు తిరిగేలోపు పాప ఊపిరి ఆగిపోతే?"

నా భయమంతా ఇదే. జ్వరంలో ఒకసారి ఫిట్స్ వచ్చినప్పటి నుంచి, ఏడాది నిండబోతున్న అమూల్య పడుకుంటే నిమిషానికెన్ని శ్వాసలో లెక్కపెట్టి గ్రాఫ్ గీసేదాన్ని. ల్యాబ్‌లో పడిన అలవాటు. ప్రమాదం లేదని డాక్టరు చెప్పినా, మా ఆయన వినీత్‌కి కూడా గంటసేపు అప్పగించలేకపోయాను. సోమవారం మళ్లీ ఉద్యోగంలో చేరాలి. మానేస్తానని మెయిల్ రాసిపెట్టుకున్నాను, పంపలేదు.

న్యూజిలాండ్‌లో, మేముండే జాన్సన్‌విల్‌లో మా పక్కింటి ఆశాజ్యోతి ఆంటీది తెనాలి. పద్దెనిమిదేళ్లు వృద్ధాశ్రమంలో నర్సుగా చేసి రిటైరయ్యారు. వాళ్ల తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఒక కమ్యూనిటీ హాల్లో జరుగుతుంది. హాలు ఖాళీగా దొరికేది అప్పుడే. ఆంటీ మాత్రం, "యెరూషలేం దేవాలయంలో ప్రార్థన వేళ అదే అమ్మాయ్. మొదటి క్రైస్తవులూ ఆ వేళకే గుడికెళ్లారు. గుడి కూలాక ఇళ్లలోనూ మానలేదు" అంటారు గర్వంగా. హాలు తుడిచి కుర్చీలు వేయడానికి ఇరవై నాలుగు కుటుంబాలకు వారం వారం వంతులు వేసిందీ ఆవిడే. యెరూషలేం గుడిలో యాజకులవీ, అంటే పూజారులవీ, ఇరవై నాలుగు వంతులేనట.

ఆ శనివారం నేను పాపతో గుమ్మంలో ఉండగా, ఆంటీ తన వారం ముగించి తాళంచెవిని తర్వాతి వంతువాడు రవికిరణ్ చేతిలో పెట్టారు.

"వెనక కిటికీ గడియ గట్టిగా నొక్కు."

"తెలుసాంటీ. పోయినేడు మూడుసార్లు వచ్చి చూసుకున్నారుగా."

"ఇప్పుడు బుద్ధొచ్చిందిలే, పో."

అతను వెళ్లాక అడిగాను. "మర్చిపోతే? మీరు వెళ్లి చూడరా?"

"ఎంత భక్తుడైనా యాజకుడు వారం కాగానే తాళాలిచ్చి ఇంటికెళ్లాల్సిందే. ఏడాదంతా ఒక్కడే కాయడం దేవుడి గుడిలోనే లేదు. నువ్వు ఆ యాజకులకంటే గొప్పదానివా?"

నవ్వొచ్చింది. గుంటూరులో మా వీధి శివాలయం అర్చకులకూ వంతులుండేవి. ఇన్నాళ్లూ అది గుర్తే రాలేదు.

సోమవారం ల్యాబ్‌కి బయల్దేరుతూ, ఇక పగలు పాపను చూసుకునే వినీత్‌కి గుమ్మంలోనే అన్నీ చెప్పాను. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పాలి, టైమ్ చూడాలి, అంబులెన్స్ కోసం 111కి ఫోన్ చేయాలి. అతను పాఠంలా అన్నీ తిరిగి అప్పజెప్పాడు. అయినా గేటు దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. మొక్కలకు నీళ్లు పోస్తున్న ఆంటీ తలెత్తి చూశారు. ఆవిడ అప్పుడన్న మాటనే రోజూ పాటిస్తున్నాను:

"చూడాల్సింది చెప్పావు, అతను సరేనన్నాడు. ఇక వెనక్కి వెళ్లకు. సాయంత్రం మళ్లీ నీ వంతే."