ఉప్పు కాపడం చెప్పింది నేనే

1990 ఆగస్టు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి పదిరోజులైంది. అక్కడి ఫర్వానియా పేటలో మా చిన్న క్లినిక్ షట్టర్ సగం దించుకుని డాక్టరుగారు, నేను లోపల కూర్చునేవాళ్ళం. నాది కడప. నర్సుగా అది ఆరో ఏడు, అంతా తెలుసనుకునే వయసు. వచ్చినవాళ్ళలో సగం మందికి గుండెదడ, చేతుల వణుకు. అందరికీ "ధైర్యంగా ఉండండి" అని చెప్పి పంపేదాన్ని. నాకే లేదు ధైర్యం, ఇంక ఊరందరికీ పంచుతున్నా!

రాయచోటి నాగరత్నమ్మక్క అట్లాంటి రోజుల్లోనే వచ్చింది. నలభై దాటిన మనిషి, ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. ఇంటి యజమానురాలు పిల్లలతో సౌదీకి పారిపోతూ అక్క పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టి పోయింది. ఇంట్లో మిగిలిన బియ్యం, ఖర్జూరాలు, చక్కెర టీతోనే అక్క రోజులు నెట్టుకొస్తోంది.

"పాపా, అరికాళ్ళలో చీమలు పారినట్టుండాది. ఒక్కోసారి కారం పూసినట్టు మంట. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు."

ఆగస్టులో కువైట్‌లో దాహం కానిదెవరికి? నేను పెద్దగా పట్టించుకోలేదు. "పొద్దస్తమానం నిలబడే పని గదక్కా. ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టుకో, తగ్గిపోతుంది" అన్నా. మా ఇంట్లో ఏ నొప్పికైనా మా అమ్మ చేసేది అదే. అక్క మేజోళ్ళు విప్పించలేదు, షుగరు చూడలేదు. రెండు నిమిషాల పని, చేయలేదు.

వారం తర్వాత నవ్వుకుంటూ వచ్చింది. "ఎల్లుండి బస్సు దొరికింది పాపా. బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు పోతాండాం. చెప్పిపోదామని వచ్చినా."

సంతోషంగా ఆమె చెయ్యి పట్టుకోబోతూ కిందికి చూశా. ఎడమ కాలి మేజోడు తడిసి పసుపు రంగుకు తిరిగింది. కూర్చోబెట్టి విప్పితే అరికాలి మీద అరచేతంత బొబ్బ, పగిలి, చీము పట్టి ఉంది.

"అయ్యో అక్కా, ఎట్లా కాలింది?"

"కాలిందా? నాకేం నొప్పి లేదే! నువ్వు చెప్పినట్టే కాపడం పెట్టినా. వెచ్చగా తగల్లేదని ఇంకొంచెం వేడి చేసినా."

ఆమెను కళ్ళు మూసుకోమని, గుండుసూది తలతో బొటనవేలి కింద నొక్కా. తగిలితే చెప్పమన్నా.

"ఇంకా ముట్టలేదు గదా పాపా" అంది.

అప్పటికి నాలుగుసార్లు నొక్కా.

షుగరు చూసే స్ట్రిప్పులు అయిపోయాయి కాబట్టి పాత పద్ధతిలో బెనెడిక్ట్ పరీక్ష చేశా. నీలం ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం వేసి కాచాలి. చక్కెర ఎక్కువైతే ఇటుక రంగు తేలుతుంది. చూస్తుండగానే ఇటుక రంగు తేలింది. ఆమెకు షుగరుందని ఆమెకూ, మాకూ అప్పుడే తెలిసింది. డాక్టరుగారు దాన్ని డయాబెటిక్ న్యూరోపతీ అన్నారు. షుగరు చాటుగా ఏళ్ళపాటు నరాలను తినేస్తుందట, తిమ్మిరి, మంటే కొందరికి మొదటి కబురట.

"పోవద్దక్కా" అన్నా. జోర్డాన్ సరిహద్దులో శరణార్థుల గుడారాల్లో, ఎడారి ఇసుకలో ఆ కాలు ఏం కావాలి?

డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. "ఇక్కడ మాత్రం మందులెక్కడివమ్మా? మళ్ళీ బస్సు దొరుకుతుందని ఎవరు చెప్పగలరు? పోనివ్వు."

"కాలు తీసేస్తారా పాపా?" నెమ్మదిగా అడిగింది అక్క.

ఏడుపొచ్చేసింది. "తప్పు నాదక్కా. చూడకుండానే కాపడం చెప్పినా."

"కావాలని చెప్పినావా ఏంది? ఏడ్చేది నిలిపి కట్టు కట్టు తల్లీ" అని కసిరింది.

ఆ రెండు రోజులూ కట్టు మార్చా. దారిలో తనే ఎట్లా మార్చుకోవాలో ఆమె చేత చేయించి చూశా. తప్పు చేస్తే కోప్పడ్డా కూడా, సిగ్గులేకుండా. ఉన్న మాత్రలు, దూది, గాజుగుడ్డ మూటగట్టిచ్చా. చెప్పులు విడిచి ఇసుకలో అడుగు వేయనని ఒట్టు వేయించుకున్నా. బస్సు కదిలేటప్పుడు ఆమె చెయ్యి ఊపింది. నేను మాత్రం ఆ కాలినే తలుచుకుంటూ నిలబడ్డా.

సెప్టెంబరులో నేనూ ఊరు చేరా. ఆమె అడ్రసు రాసుకోలేదు, నాదే ఇచ్చా. పోస్టుమాన్ కనబడితే చాలు, ఎదురెళ్ళి అడిగేదాన్ని. మరుసటేడు, ఎవరిచేతో రాయించిన కార్డు వచ్చింది. "రెండు వేళ్ళు తీసేసినారు. కాలు నిలబడింది. పొయ్యి కాడ నిలబడి వంట చేసుకుంటాండా. నువ్వు దిగులు పడొద్దు."

ఆ కార్డు పట్టుకుని చాలాసేపు ఏడ్చా. దిగులు పడొద్దంది గానీ, ఆ రెండు వేళ్ళూ నా లెక్కలోవే. అప్పటినుంచి కాళ్ళు తిమ్మిరన్నవాళ్ళెవరినీ పాదాలు చేత్తో తాకి చూడకుండా, షుగరు పరీక్ష చేయకుండా పంపలేదు. నొప్పి అని అరిచేవాళ్ళను చూస్తే నాకు భయం లేదు. పుండు చూపించి "నొప్పేం లేదు సిస్టర్" అని నవ్వుతారు చూడండి, వాళ్ళను చూస్తే ఇప్పటికీ గుండె జారిపోతుంది.