గీత దాకా నీళ్లు

జూన్ రెండో సోమవారం ఉదయం ఆరూ నలభైకి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బస్సు దిగాను. సన్నగా తుంపర పడుతోంది. భుజాన పాత కిట్‌బ్యాగు. పద్దెనిమిదేళ్లు సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. మా శ్రీకాకుళంలో పెళ్లికో పేరంటానికో వెళ్తే, "మిలటరీ కబుర్లు చెప్పండి మావయ్యా" అంటారు. వాళ్లకి కావలసింది మంచుకొండలు, తుపాకులు. నేను చెప్పేది మాత్రం ఈ డ్యూటీ గురించే. మైనస్ ఇరవైలో గుడారం కట్టినప్పుడు కూడా నాకింత చిరాకు రాలేదు.

వానాకాలం ఆరు నెలలకి దోమల విభాగంలో కాంట్రాక్టు సూపర్‌వైజరు పని. నా హద్దులో పైన జూబ్లీ హిల్స్ రోడ్లు కొన్ని, కింద ఫిలింనగర్ బస్తీ, మధ్యలో సినిమావాళ్ల స్థలాలు. ఆర్డరు ఒక్కటే: నిలవనీళ్లు ఎక్కడ కనపడినా పారబోయించాలి. కిట్టులో టార్చి, పొడుగుకాడ గరిటె, పురుగు కనపడేందుకు తెల్ల గిన్నె, మందు డబ్బా, నోటీసు పుస్తకం. నా కింద ఇద్దరు. ఒకాయన స్ప్రే మనిషి, బోరబండ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, ఈ పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాడు. రెండో ఆవిడ ఆశా వర్కరు. యూసుఫ్‌గూడలో ఎవరింట్లో ఎవరికి ఎంత జ్వరమో ఆవిడకి నోటికొచ్చు.

కొత్త చోటికి వెళ్తే ముందు నేల చూసుకోవడం మాకు అలవాటు. పైన బండలు తొలిచి కట్టిన ఇళ్లు. ఇల్లు కనపడదు, గేటే కనపడుతుంది. కింద ఏటవాలు మీద మెట్లు, రేకుల గదులు, గుమ్మానికో నీళ్ల డ్రమ్ము. శత్రువు మాత్రం రెండు చోట్లా ఒకటే. పట్టపగలు కుడుతుంది, శుభ్రమైన నీళ్లలో పుడుతుంది. గుడ్లు నీళ్లలో కాదు, నీళ్లకి కాస్త పైన గోడకి అంటిస్తుంది. మళ్లీ నీళ్లు పోస్తే అవి తడిసి పిల్లలవుతాయి. మురిక్కాలువ దోమ వేరు, డెంగీ దోమ వేరు అని చెప్పీ చెప్పీ మొదటి వారంలోనే నా గొంతు బొంగురుపోయింది. పైనున్న వాళ్లు ఆ మురుగంతా కింద బస్తీలోనే ఉందనుకుంటారు. వాళ్ల వరండాల్లో తామరపూల తొట్లుంటాయి.

పొద్దున్నే ఫోనులో స్ప్రే మనిషి రిపోర్టు వచ్చేది.

"సాబ్, మూల మీది తెల్ల బంగ్లా. గేట్ తెరుస్తలేరు."

"లోపల ఎవరున్నారు?"

"వాచ్‌మన్ ఉన్నడు. కుక్క ఉన్నది. మేడం పండుకున్నరంట."

"మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?"

"రమ్మనలే సాబ్. కుక్క అయితే జర ఇంట్రెస్ట్ చూపెట్టింది."

సైన్యంలో మా యూనిట్లో ఇలా ఉండేది కాదు. తొట్టి వారానికోసారి తోమాలంటే తోమాలి. తోమకపోతే మర్నాడు ఎండలో నిలబడాలి. ఇక్కడ మనిషి ప్రాణం తీసే నీళ్లు చెంబెడు పారబోయాలన్నా నాకు ఆ ఇంటి వాచ్‌మన్ అనుమతి కావాలి. బస్తీవాళ్లే నయం. రోజు మార్చి రోజు నీళ్లొస్తాయి, పారబోస్తే తాగేదేమిటని నిలదీశారు. వాళ్లు అడిగింది న్యాయమే. డ్రమ్ములకి పాత చీరలు గట్టిగా కట్టమన్నాను, కట్టారు.

ఆ సెట్టులో అడుగుపెట్టింది ఆగస్టు మొదటి గురువారం, పది గంటలకి. ఫిలింనగర్ గుట్ట పక్కన చదును చేసిన స్థలంలో ఒక పల్లెటూరి వీధి కట్టారు. ఇళ్లకి ముందు గోడలే ఉన్నాయి, వెనక ఏమీ లేదు. బావి మోకాలి లోతు. ఆ వీధి మొత్తంలో నిజమైనవి అరుగుల మీది ఇరవై ఆరు మట్టికుండలూ, వాటిలో నీళ్లూనూ. మొదటి కుండలో గరిటె ముంచి తెల్ల గిన్నెలో పోశాను. పురుగులు లుకలుకమన్నాయి. రెండో కుండా అంతే. ఇరవై ఆరులో పంతొమ్మిదింటిలో ఉన్నాయి.

అక్కడ కాపలా ఉన్నావిడ సైదమ్మ. ముప్పై ఏళ్లుంటాయి. మహబూబ్‌నగర్ వైపు మనిషి. భర్త జనరేటర్ వ్యానుకి డ్రైవరు. సెట్టు వెనకే రేకుల గదిలో ఉంటారు. నేను వెళ్లేసరికి పైపు పట్టుకుని కుండల్లో నీళ్లు పోస్తోంది. ఒక కన్ను మూసి, మెడ వంచి, లోపలికి చూసి, చటుక్కున పైపు తీసేస్తోంది. దగ్గరికెళ్లి చూశాను. ప్రతి కుండ లోపలా తెల్ల పెయింటుతో ఒక గీత.

"ఏం చేస్తున్నావమ్మా?"

"గీత దాంక పోస్తున్న సార్. దినాం పొద్దుగాల ఏడింటికి పొయ్యాలె. జర తక్కువైనా గా ఆర్ట్ సార్ ఒర్లుతడు."

ఆర్ట్ సార్ అంటే కళా విభాగంలో అసిస్టెంటు. పాతికేళ్ల కుర్రాడు, మాది భీమవరం అన్నాడు. మర్యాదకి లోటు లేదు, కుర్చీ వేయించి టీ తెప్పించాడు.

"కంటిన్యుటీ సార్. సగం సీను తీసేశాం. మిగతా సగం హీరో గారి డేట్స్ దొరికాక తీస్తాం. నీళ్లు అంగుళం తగ్గినా దొరికిపోతామండీ."

"ఎప్పుడు దొరుకుతాయి?"

"రెండు వారాలన్నారు. ఇది ఐదో వారం."

"పోనీ మందు వేస్తాను."

"అమ్మో, వద్దు సార్. హీరోయిన్ గారు కుండలో నీళ్లు దోసిట్లో పట్టుకుని తాగుతారు."

"ఏ కుండలో?"

"అది డైరెక్టర్ గారు అప్పటికప్పుడు చెప్తారండీ."

"ఐదు వారాల నాటి పురుగుల నీళ్లు తాగుతుందా ఆవిడ?"

"అయ్యయ్యో, షాట్‌కి ముందు మార్చేస్తాం కదండీ!"

మార్చేసే నీళ్లని ఐదు వారాలుగా ఎందుకు కాస్తున్నారని అడిగాను. "లెవెల్ సార్," అన్నాడు. అతను అబద్ధమాడటం లేదు, నన్ను ఆటపట్టించడం లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. అబద్ధాలకోరుతో అయితే నాలుగు మాటలు పోట్లాడవచ్చు. ఇలాంటివాడితో ఏం చేస్తాం?

కనీసం గుడ్డలైనా కట్టమన్నాను. ఆ సాయంత్రమే ఇరవై ఆరు కుండలకీ తెల్ల గుడ్డలు కట్టించాడు. సంతోషించాను. సోమవారం వెళ్లేసరికి ఒక్క గుడ్డ లేదు. పక్క సెట్టులో దండెం మీద బట్టలు తక్కువయ్యాయట, మా గుడ్డలు తీసుకెళ్లి ఆరేశారు. స్ప్రే మనిషి ఆ దండెం చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పదిన్నరకి ఆశా వర్కరు ఫోన్ చేసింది. "సార్, కృష్ణానగర్‌ల ఒక కార్పెంటర్‌కి డెంగీ తేలింది. ఎక్కడ పని చేసిండో తెలుసా? మన కుండల సెట్టులనే." రోగం పుట్టాలంటే దోమ ఒక్కటే చాలదు, అది కుట్టిన రోగి కూడా కావాలి. రెండూ ఆ సెట్టులో కలిశాయి. పదకొండు గంటలకి అక్కడున్నాను. మొదటి కుండ మెడ మీద చెయ్యి వేశాను కూడా.

ఆర్ట్ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. కళ్లలో నీళ్లు. "శుక్రవారం షూటింగు సార్. నిజంగా. మూడు రోజులు. ఇప్పుడు గానీ కుండలు కదిలితే నా ఉద్యోగం పోతుంది. శనివారం పొద్దున్నే మీరే పగలగొట్టెయ్యండి." మా ఆఫీసుకి ఫోన్ చేశాను. సినిమా వాళ్లతో గొడవ పెట్టుకోవద్దు, లెటరు పెట్టి జవాబు వచ్చేదాకా ఆగమన్నారు. ఆర్డరు ఆర్డరే అనుకున్నాను. నోటీసు రాసిచ్చి, కుండ మీద నుంచి చెయ్యి తీశాను.

ఆ మూడు రోజులు ఇచ్చింది ఆఫీసు కాదు, నేను. ఇరవై ఆరు కుండలు దొర్లించడానికి పది నిమిషాలు పట్టేది. పురుగు దోమ కావడానికి వారం చాలని నాకు తెలుసు. కుర్రాడి కన్నీళ్లు కళ్ల ముందున్నాయి, వెనక రేకుల గదిలో ఉన్న మనిషి లేదు. ఈ మాట ఎవరి దగ్గరా దాచను.

శుక్రవారం షూటింగు జరగలేదు. డేట్స్ వారం వెనక్కి పోయాయి. లెటరుకి జవాబు రాలేదు, అది వచ్చేదాకా ఆగమన్న ఆర్డరు పట్టుకుని నేనూ కుండలు ముట్టలేదు. తరవాతి సోమవారం సైదమ్మకి నూట మూడు జ్వరం. కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరిచేసే నొప్పులు. నేనే రక్త పరీక్షకి తీసుకెళ్లాను. డెంగీ.

పారాసిటమాల్ తప్ప ఇంకో నొప్పి మాత్ర వద్దన్నాను. నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ ఆగకుండా తాగమన్నాను, పగలు కూడా దోమతెరలోనే పడుకోమన్నాను. నోటీసు కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాశాను: డెంగీ జ్వరం, ప్రమాదం ఎప్పుడు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు చల్లబడటం, మగతగా ఉండటం. వీటిలో ఏది కనపడినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. భర్త ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నీళ్లు పోసే పని ఇంకెవరికైనా అప్పగించమని ఆర్ట్ కుర్రాడికి గట్టిగా చెప్పాను. అలాగే సార్ అన్నాడు. ఎవరికీ అప్పగించలేదు. ఐదు రోజులూ ఆవిడే జ్వరంతో పోసిందని నాకు తరవాత తెలిసింది.

శనివారం షూటింగు ఖాయమైంది. ఏడూ పదికి స్ప్రే మనిషి ఫోను.

"సాబ్, సైదమ్మ పైపు పట్టుకొని కూసున్నది. లేస్తలేదు."

"జ్వరం ఎంతుంది?"

"జ్వరం లేదు సాబ్. రాత్రే పోయిందంట. ఒళ్లు సల్లగున్నది."

ఆ మాట వినగానే పరుగెత్తాను. ఏడూ ఇరవై రెండుకి అక్కడున్నాను. నాడి దొరకడం కష్టమైంది. కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. పైపులోంచి నీళ్లు మట్టిలోకి పోతున్నాయి. "ఇంక ఏడు కుండలున్నయి సార్," అంది. ప్రొడక్షన్ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎనిమిదింటికి సెలైన్ ఎక్కింది. భర్తని నిలదీశాను.

"కాయితం ఇచ్చాను కదయ్యా! కడుపునొప్పి అంటే వెంటనే తీసుకురమ్మని రాశానే!"

"సదివిన సార్. డెంగీ జ్వరం అని రాసిన్రు గద. జ్వరం పోయింది గదా, ఇంక గా కాయితంతోని ఏం పని అనుకున్న."

జ్వరం దిగాకే అసలు గండమని పద్దెనిమిదేళ్లు వార్డుల్లో చూసినవాణ్ణి, కాగితం మీద ఆ ఒక్క ముక్కే రాయలేదు. నాకు తెలుసు గనక అందరికీ తెలుసుననుకున్నాను.

తొమ్మిదిన్నరకి సెట్టుకి తిరిగి వెళ్లాను. సినిమా యూనిట్ అంతా దిగింది. లైట్లు పెడుతున్నారు. ఎవరినీ అడగలేదు. మొదటి అరుగు నుంచి మొదలుపెట్టి కుండలన్నీ వరసగా బోర్లించాను. స్ప్రే మనిషి వెనకే వచ్చి బ్రష్షుతో లోపల గీసి గీసి తోమాడు. వాకీటాకీల్లో కేకలు మొదలయ్యాయి. "ఎవరతను? ఫ్రేములో ఎవరు? అవుట్ చెయ్యండి!" నేను ఆగలేదు. ఆర్ట్ కుర్రాడు గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. చివరి కుండ అయ్యాక దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. ఫోనులో కుండల పాత ఫొటో చూసుకుని, ట్యాంకరు పిలిపించాడు. కుండలు ఎక్కడివక్కడ పెట్టించి, గీత దాకా నీళ్లు పట్టించాడు. వాచీ చూశాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

అతను నా వైపు చూడలేకపోయాడు. అతన్ని అనడానికి నాకేం అర్హత ఉంది?

సైదమ్మ తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. రెండు రోజులు ఎటూ తేలలేదు. బతికింది. నవంబరు ఆఖరున నా కాంట్రాక్టు ముగిసింది. చివరిదాకా తెరుచుకోని గేట్లని మినహాయించి మిగతా గేట్లన్నిటికీ దండం పెట్టి రైలెక్కాను.

మరుసటి వేసవిలో ఆ సినిమా వచ్చింది. మా ఊళ్లో మొదటి ఆటకే వెళ్లాను. ఇంటావిడ ఆశ్చర్యపోయింది, నాకు సినిమాల పిచ్చి లేదు. ఆ వీధి వచ్చింది. హీరో నడుచుకుంటూ వస్తున్నాడు. వెనక అరుగులు, అరుగుల మీద కుండలు. అన్నీ మసకగా, ఎర్రమట్టి రంగు మరకల్లా ఉన్నాయి. కెమెరా ఒక్కసారి కూడా కుండలోకి చూడలేదు. హీరోయిన్ నీళ్లు తాగే ముక్క అసలు లేదు. ఆ కుండల్లో నీళ్లున్నాయో లేదో ఆ దేవుడికి కూడా తెలియదు.

రెండో రోజు సైదమ్మ ఫోన్ చేసింది. "సార్, మేం యూసుఫ్‌గూడల సూసొచ్చినం. జల్ది జల్ది పోయింది, నాకైతే సక్కగ దొరకలే. మీ మిల్ట్రీ కండ్లు గద. నా నీళ్లు కనవడ్డయా సార్? గీత దాంక ఉన్నయా?"

"ఉన్నాయమ్మా," అన్నాను. "సరిగ్గా గీత దాకా ఉన్నాయి."

చాలా సంతోషపడింది. నాకు మాత్రం మంచుకొండలు కలలోకి రావు. ఒక కన్ను మూసి, మెడ వంచి, కుండలోకి చూస్తూ చటుక్కున పైపు తీసేసే ఆ మనిషే వస్తుంది.